కర్నూలులో మాస్కు కొంటున్నారా? ముందు పట్టీ చూడండి, అంకె తర్వాత

కర్నూలులో ఏ మందుల షాపులో అడిగినా మాస్కులు మూడు నాలుగు రకాలు కౌంటరు మీద పరుస్తారు. నీలం రంగు మూడు పొరలది, పెట్టెలో యాభై ఉంటాయి. మధ్యకు మడిచిన తెల్లది, దానిమీద ఎన్95 అని అచ్చు. నల్లటి గుడ్డది ఒకటి. ముందర గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఉన్నది ఇంకొకటి. "ఏది మంచిదన్నా?" అంటే "అన్నీ ఒగటేలే అన్నా, రేటే తేడా" అంటారు. అన్నీ ఒకటి కావు. రేటును బట్టి ఆ తేడా తెలియదు కూడా. ఫ్లూ, కోవిడ్ లాంటి శ్వాసకోశ వైరస్‌ల ముందు వీటిలో ఏది ఎంత నిలబడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఇంట్లో ఎవరైనా దగ్గుతుంటే వాళ్లకోసం మూడు పొరల సర్జికల్ మాస్కుల పెట్టె ఒకటి తెచ్చుకోండి. వాళ్లను దగ్గరుండి చూసుకునే మనిషికి, ఆసుపత్రి వరండాలో గంటల తరబడి కూర్చోవాల్సిన వాళ్లకు, తల వెనక్కి పోయే రెండు పట్టీల ఎన్95 గానీ, దాని సాటి రకం ఎఫ్ఎఫ్‌పీ2 గానీ కొనండి. చెవులకు తగిలించే ఎన్95 మధ్యరకం. బిగించుకోవడం తెలిస్తేనే దానికి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. గుడ్డ మాస్కు, బిళ్ల ఉన్న మాస్కు ఈ పనికి వద్దు.

కారణాలు తెలియాలంటే వైరస్ ఎలా వస్తుందో కొంచెం చూడాలి. అది దానంతట అది ఎగరదు. దగ్గినా, గట్టిగా మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా బయటికొచ్చే తేమ తుంపరల్లో కలిసి వస్తుంది. కోవిడ్ వైరస్ కణం దాదాపు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, ఫ్లూది కూడా ఇంచుమించు అంతే. దాన్ని మోసే తుంపర మాత్రం ఒక మైక్రాన్ లోపు నుంచి వందల మైక్రాన్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. 100 మైక్రాన్ల చుక్క నోటి ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో నేల మీద పడుతుంది. 5 మైక్రాన్లది పడడానికి కదలని గాలిలోనే అరగంట పడుతుంది. ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఎక్కువసేపు పైనే ఉంటుంది. 2020లో అందరికీ నోటికొచ్చిన "రెండు గజాల దూరం" పెద్ద చుక్కల లెక్క. చిన్నవాటికి దూరం కన్నా గదిలో గాలి మారడం ముఖ్యం. 5 మైక్రాన్ల దగ్గర గీత గీసి పెద్దవి తుంపరలు, చిన్నవి గాలిలో తేలేవి అని విడదీసే పాత పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఏప్రిల్‌లో వదిలేసింది. అన్ని సైజులనూ ఒకే వరుసలో చూడాలంది. పెద్ద చుక్కలను ఆపడం ఏ గుడ్డకైనా చేతనవుతుంది. మాస్కు అసలు పరీక్ష చిన్నవాటి దగ్గరే.

ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల చుట్టూ ఉండే కణాల్లో నూటికి 95 తగ్గకుండా ఆపాలని. అమెరికా సంస్థ నియోష్ పెట్టిన కొలత ఇది. నిమిషానికి 85 లీటర్ల గాలి లాగుతూ ఉప్పు కణాలతో పరీక్షిస్తారు. మన దేశంలో దీనికి సాటి వచ్చేది ఐఎస్ 9473 ప్రమాణంలోని ఎఫ్ఎఫ్‌పీ2, దానికి 94 శాతం. కేఎన్95 చైనా కొలత. కాగితం మీద మూడూ దగ్గర దగ్గరే. "0.3 మైక్రాన్లదాన్ని ఆపితే 0.1 మైక్రాన్ల వైరస్ దూరిపోదా?" అని చాలామంది అడుగుతారు. దూరిపోదు. మాస్కు జల్లెడ కాదు. పెద్ద కణం మలుపు తిరగలేక దారాలకు గుద్దుకుంటుంది. మరీ చిన్నది గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ పోయి దారానికి అంటుకుంటుంది. ఈ రెండు విధాలా తప్పించుకునే అవకాశం ఎక్కువ ఉన్నది 0.3 దగ్గరే, అందుకే పరీక్ష అక్కడ పెట్టారు. వీటికి తోడు మధ్య పొరలోని మెల్ట్‌బ్లోన్ పాలిప్రొపిలీన్‌కు (కరిగించి ఊదిన సన్నటి ప్లాస్టిక్ దారాల గుడ్డ) స్థిర విద్యుత్ ఎక్కిస్తారు. కణాలను లాగిపట్టేది అదే. సబ్బునీళ్లలో ఉతికినా, శానిటైజర్ చల్లినా ఆ విద్యుత్ పోతుంది. మాస్కు చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, పని మాత్రం సరిగ్గా చేయదు. "ముప్పై సార్లు ఉతకొచ్చు" అని ఎన్95 మీద రాసి ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి.

అసలు సంగతి సందులది. మాస్కు గుడ్డ 95 శాతం ఆపుతుందనుకుందాం. మీరు పీల్చే గాలిలో పదో వంతు బుగ్గల పక్కనుంచి వస్తోందనుకుందాం. ఆ 10 శాతానికి వడపోతే లేదు. మిగిలిన 90లో 5 శాతం, అంటే 4.5 లోపలికి వస్తుంది. మొత్తం 14.5. అంటే మీ ఎన్95 ఆ క్షణంలో 85 శాతం మాస్కు. సందుల్లో నుంచి 30 శాతం గాలి వస్తే లోపలికి చేరేది 33.5. ముఖానికి పూర్తిగా అతుక్కున్న 80 శాతం మాస్కులో లోపలికి వచ్చేది 20. అతికిన నాసి సరుకు అతకని మేలు సరుకును ఓడిస్తుంది. బాగా అతికిన ఎన్95కు కూడా అమెరికాలో కార్మికుల రక్షణ చట్టం ఇచ్చే లెక్క పది రెట్లే. అంటే బయట గాలిలో ఉన్నదాంట్లో పదో వంతు లోపలికి వస్తుందనుకునే లెక్కేస్తారు. 95 అన్న అంకెను చూసి ధైర్యపడేవాళ్లు ఈ పదో వంతును గుర్తుపెట్టుకోవాలి.

ఇందుకే ముందు పట్టీ చూడమన్నది. నియోష్ ఆమోదం ఉన్న ఎన్95లకు తల చుట్టూ వెళ్లే పట్టీలే ఉంటాయి, చెవి దారాలు ఉండవు. పట్టీ తల వెనక్కి లాగుతుంది, చెవి దారం చెవినే లాగుతుంది. చెవి నొప్పి పుట్టకుండా ఉండాలంటే దారం వదులుగా ఉండాలి, వదులుగా ఉంటే బుగ్గ దగ్గర సందు. మందుల షాపుల్లో ఎక్కువగా కనిపించేవి చెవి దారాలవే, పట్టీలవి అడిగితే తప్ప బయటికి రావు. సర్జికల్ సామాన్ల షాపుల్లో, గ్లౌజులు హెల్మెట్లు అమ్మే సేఫ్టీ దుకాణాల్లో అడగండి. బండల పాలిషింగు, సిమెంటు, జిన్నింగు మిల్లుల పని ఉన్న ప్రాంతం కాబట్టి దుమ్ము మాస్కుల పేరుతో అక్కడ దొరికే అవకాశం ఉంది. 3ఎం కంపెనీ 8210 మోడల్ గిన్నె ఆకారంలో ఉండే రెండు పట్టీల ఎన్95. పేరుకు పరిశ్రమలదే అయినా కణాలను ఆపడంలో అది ఎన్95. రక్తం, ద్రవాలు చిందే చోట మాత్రం అదే కంపెనీ 1860 లాంటి ఆసుపత్రి రకమే వాడాలి. ఇంట్లో జ్వరం మనిషిని చూసుకోవడానికి 8210 చాలు. ఇలాంటివి ఒక్కోటి వంద రూపాయలకు అటూ ఇటూ, కొన్ని అంతకంటే ఎక్కువ. ఖరీదే. మనిషికి రెండు మూడు చాలు, డజన్లు అక్కర్లేదు.

చెవి దారాల ఎన్95ను బాగుచేసుకునే మార్గం ఒకటుంది. రెండు దారాలనూ తల వెనక కలిపే చిన్న ప్లాస్టిక్ కొక్కెం వాడండి, లేదా దారానికి దారం కలుపుతూ ఒక రిబ్బను ముక్క కట్టండి. చెవి మీద బరువు తగ్గుతుంది, బుగ్గ దగ్గర పట్టు పెరుగుతుంది. అయినా పట్టీల మాస్కుకు సాటి రాదు.

మూడు పొరల సర్జికల్ మాస్కుకు మన ప్రమాణం ఐఎస్ 16289. అందులో క్లాస్ 1కు బ్యాక్టీరియా వడపోత 95 శాతం, క్లాస్ 2, 3లకు 98. ఆ 98 చూసి ఇది ఎన్95 కన్నా మేలనుకోవద్దు, ఆ పరీక్షలో వాడేవి చాలా పెద్ద కణాలు. దీని గుడ్డ నాణ్యమైనదే, రోగం పక్కల్లో ఉంది. రెండు చెంపల దగ్గరా నోరు తెరుచుకుని ఉంటుంది. దానికి ఖర్చులేని మందు: దారాన్ని మాస్కు అంచుకు ఆనించి రెండు వైపులా ఒక్కో ముడి వేయండి. పక్కన పొంగిన మడతను లోపలికి తోసేయండి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఫిబ్రవరిలో వెల్లడించిన బొమ్మ తలల ప్రయోగంలో, ఇలా ముడి వేసిన మాస్కు రెండు బొమ్మలకూ పెట్టినప్పుడు అవతలి బొమ్మకు చేరే కణాలు 95 శాతం పైగా తగ్గాయి. అది ప్రయోగశాల లెక్క, ఒక రకం మాస్కుతో చేసినది. పాతబస్టాండు రద్దీలో అంత రాదు. అయినా రూపాయి ఖర్చు లేని పనికి అది పెద్ద లాభమే. పెట్టె లెక్కన కొంటే ఈ మాస్కు ఒక్కోటి కొద్ది రూపాయలే. 2020 మార్చిలో సరుకు కరువైనప్పుడు కేంద్రం మూడు పొరలదానికి 10 రూపాయలు, రెండు పొరలదానికి 8 రూపాయలు గరిష్ఠ ధర పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్కోటి పది రూపాయలు అడిగితే ఇంకో షాపు చూసుకోండి.

కొన్నది మూడు పొరలేనా అని చూడాలంటే ఒకటి కత్తిరించండి. బయటి పొర, లోపలి పొర పలచగా, కొంచెం గరుగ్గా ఉంటాయి. మధ్యది తెల్లగా, మెత్తగా, వెలుతురుకు పెడితే అవతలిది సరిగ్గా కనపడనంత దట్టంగా ఉండాలి. మూడూ ఒకేలా ఉంటే వడపోత పొర లేనట్టే. మధ్య పొర మంచిదైతే చిన్న కాగితం ముక్కలను అంటించుకుంటుంది. ఇది దొంగ సరుకును పట్టుకోవడానికే పనికొస్తుంది, మంచి సరుకని రుజువు చేయదు. ఆరు పొరలు, ఎనిమిది పొరలు అని అట్ట మీద రాస్తే పొంగిపోవద్దు. పొరల లెక్క కాదు, మధ్య పొర ముఖ్యం. నల్ల మాస్కుల్లో కార్బన్ పొర వాసనలను తగ్గిస్తుంది, వైరస్‌తో దానికి పనిలేదు.

ఎఫ్ఎఫ్‌పీ2 అని అమ్మేదానిమీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 9473 అన్న అంకె, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ నడిపే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో, లైసెన్సు నడుస్తోందో లేదో వస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. నియోష్ మాస్కు అయితే టీసీ-84ఏ అన్న అక్షరాలతో ఆమోదం నంబరు మాస్కు మీదే అచ్చయి ఉంటుంది. కవరు మీద మాత్రమే ఎన్95 అని ఉండి, మాస్కు మీద కంపెనీ పేరు కూడా లేకపోతే అది వట్టి మడత గుడ్డ. తయారీ తేదీ కూడా చూడండి. ఈ మాస్కులకు మామూలుగా మూడు నుంచి ఐదేళ్ల గడువు. 2020, 2021లో తెచ్చి గోడౌనులో మిగిలిన సరుకుకు ఈపాటికి గడువు దాటిపోయింది. కర్నూలు ఎండకు ముందు పోయేది రబ్బరు పట్టీ. లాగితే తిరిగి ముడుచుకోకుండా సాగి ఉండిపోతే, ముక్కు దగ్గరి స్పాంజి పొడిపొడిగా రాలితే, ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

బిళ్ల ఉన్న మాస్కుల సంగతి. ఆ బిళ్ల వదిలే గాలికి తలుపు. పీల్చే గాలి వడపోతలోంచే వస్తుంది, వదిలే గాలి చాలావరకు నేరుగా బయటికి పోతుంది. పెట్టుకున్నవాడికి సుఖం, ఎదుటివాడికి అతని ఊపిరి. సిమెంటు దుమ్ములో ఒంటరిగా పనిచేసేవాడికి అది బాగానే ఉంటుంది. అంటువ్యాధి కాలంలో తగదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులైలోనే వాటిని వాడొద్దని రాష్ట్రాలకు రాసింది. ఫ్లూలో లక్షణాలు కనపడడానికి ఒక రోజు ముందు నుంచే, కోవిడ్‌లో ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి అంటించగలడు. "నాకేం దగ్గు లేదు కదా" అన్న మాట ఇందుకే చెల్లదు. గుడ్డ మాస్కు, మెడ మీది తువ్వాలు పెద్ద చుక్కలను ఆపుతాయి, అంతే. ఏమీ దొరకనప్పుడు తువ్వాలు రెండు మడతలేసి కట్టుకోండి. డబ్బు పెట్టి మాత్రం కొనొద్దు.

ఇక పెట్టుకునే పద్ధతి. మంచి సరుకు చెడిపోయేది ఇక్కడే. చేతులు కడుక్కుని మాస్కును అరచేతిలో పెట్టుకోండి, ముక్కు తీగ వేళ్ల వైపు ఉండాలి. గడ్డం కింద ఆనించి పైకి తెచ్చి, పై పట్టీని నడినెత్తి వెనక భాగానికి, కింది పట్టీని చెవుల కిందుగా మెడ మీదికి వేయాలి. రెండు పట్టీలూ మెడ మీదే వేస్తే మాస్కు కిందికి జారుతుంది. జడ ఉన్నవాళ్లు కింది పట్టీని జడ కిందనుంచి, వెంట్రుకల అడుగున వేయాలి. కొప్పు, పూలు ఉంటే పై పట్టీ వాటికి పైన ఉండాలి. ముసుగు, బురఖా వేసుకునేవాళ్లు ముందు మాస్కు, తర్వాత ముసుగు. బట్ట మీద పట్టీ నిలవదు. తర్వాత రెండు చేతుల వేళ్లతో తీగను ముక్కు మధ్య నుంచి రెండు పక్కలకూ నొక్కుతూ పోవాలి. ఒక చేత్తో గిల్లినట్టు నొక్కితే తీగ మధ్యలో గూడు కట్టి రెండు సందులు మిగులుతాయి.

అతికిందా లేదా చూడాలంటే రెండు అరచేతులతో మాస్కును కదలకుండా కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల వైపో, బుగ్గ పక్కనో గాలి తగిలితే సందు ఉంది. తర్వాత గట్టిగా పీల్చండి, మాస్కు కొంచెం లోపలికి లాక్కోవాలి. కళ్లజోడు మీద ఆవిరి పడుతోందంటే ముక్కు దగ్గర కారుతోందనే. ఎన్ని సర్దినా కారుతుంటే అది మీ ముఖానికి సరిపడే ఆకారం కాదు, ఇంకో మోడల్ చూడాలి. పెద్ద ఆసుపత్రుల్లో సిబ్బందికి తలమీద ముసుగు వేసి తీపి, చేదు ద్రావణం చల్లి రుచి తెలుస్తోందా అని చూస్తారు. ఇంట్లో అది కుదరదు కాబట్టి అరచేతి పరీక్షే గతి. గడ్డం పెంచినవాళ్లకు ఏ ఎన్95 కూడా అతకదు, రెండు మూడు రోజుల గడ్డం కూడా సందే. గడ్డం తీయనివాళ్లు ఖరీదైన మాస్కు మీద డబ్బు పోయకుండా ముడి వేసిన సర్జికల్ మాస్కు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోవడం నయం.

ఏప్రిల్, మే ఎండల్లో ఇక్కడ నలభై దాటుతుంది. సర్జికల్ మాస్కు చెమటకు తడిసి ముఖానికి అంటుకుపోతే గాలి పక్కలనుంచే దారి వెతుక్కుంటుంది. తడిసిన వెంటనే మార్చండి. బయట రోడ్డు మీద, పొలంలో మాస్కు దాదాపు అక్కర్లేదు, గాలే చెదరగొడుతుంది. పెట్టుకోవాల్సిన చోట్లు వేరు. గాయత్రి ఎస్టేట్స్ వైపు ఆసుపత్రుల్లో ఓపీ గది, 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదుకో బెంగళూరుకో పోయే అద్దాల ఏసీ బస్సు, తలుపులు మూసిన ఫంక్షన్ హాలు. భోజనాల దగ్గర ఎలాగూ మాస్కు తీస్తారు. రెండు గంటలు పెట్టుకుని మాటలు జోరుగా సాగే ఆ అరగంట తీసేస్తే ఎన్95 చేయగలిగింది తక్కువ. ముందే తిని బయటికి వచ్చేయడం మేలు.

ఇంట్లో మాత్రం మాస్కు కన్నా కిటికీకి ఎక్కువ మార్కులు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. మన ఇళ్లలో కిటికీకి బిగించే ఎయిర్ కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తుంది. దానికి ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉంటే జబ్బు మనిషి గది గాలి నిమిషాల్లో మారిపోతుంది. అదే కూలరును గది మధ్యలో పెట్టి తలుపులేస్తే ఆ లాభం పోతుంది, ఉక్క ఒకటి మిగులుతుంది.

ఎన్95ను ఎన్నిసార్లు వాడాలి? మాస్కుల కరువు రోజుల్లో సీడీసీ ఆసుపత్రులకు చెప్పిన లెక్క ఐదు సార్లు. ఇంటివాడకానికి అదే పట్టుకోండి. తీసినప్పుడు ముందు భాగం ముట్టకుండా కింది పట్టీ, ఆ తర్వాత పై పట్టీ తీసి కాగితం సంచిలో వేయండి, ప్లాస్టిక్ కవరులో కాదు, తేమ నిలిచిపోతుంది. కనీసం ఐదు రోజులు ఆరనిచ్చి మళ్లీ వాడొచ్చు. అందుకే రెండు మూడు కొని వంతులవారీగా వాడమనేది. పట్టీ సాగినా, తడిసినా, ఊపిరి బరువుగా ఆడినా ఐదు సార్లు కాకపోయినా పడేయండి. జిన్నింగు దుమ్ములో వాడినదైతే ఒకటి రెండు రోజులకే మూసుకుపోతుంది.

ఒక్కటే మాస్కుకు డబ్బుంటే ఎవరికి? దగ్గే మనిషికి, సర్జికల్‌ది. మూలం దగ్గర ఆపితే గదిలో అందరికీ లాభం. తర్వాత ఇంట్లో 65 దాటినవాళ్లకు, గర్భిణికి, షుగరు, ఆయాసం ఉన్నవాళ్లకు. ఫ్లూ మన దేశంలో జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి పెరుగుతుంది. పెట్టె కొనాల్సింది అంతకు ముందే, ఫ్లూ టీకా సంగతి డాక్టరుతో మాట్లాడాల్సింది కూడా అప్పుడే. అదే షాపులో మాస్కుతో పాటు అజిత్రోమైసిన్ స్ట్రిప్ కూడా చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేయండి, వైరస్ మీద అది పనిచేయదు. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, ఆక్సిమీటరులో ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా మాస్కుల గురించి ఆలోచించే సమయం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు ఏ మాస్కూ వద్దు, ఊపిరాడదు. ఐదేళ్ల లోపువాళ్లకు అవసరం లేదని కేంద్రం మార్గదర్శకాలే చెప్పాయి. ఆ పైవాళ్లకు చిన్న సైజు సర్జికల్‌ది సరిపోతుంది. పెద్దవాళ్ల ఎన్95 పిల్లల ముఖానికి ఎలా కట్టినా సందులే.

పడేసేటప్పుడు పట్టీలు, గుడ్డ కత్తిరించి, కాగితం సంచిలో మూడు రోజులు ఉంచి పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. కత్తిరించడం ఎందుకంటే, ఎవరో ఏరుకుపోయి దాన్నే మళ్లీ అమ్మకుండా.